కేసీ కాలువ చరిత్ర ఏ బీరువాలో ఉంది?

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాల లైబ్రరీలో రీడింగ్ హాలు పొద్దున్నే నిండిపోతోంది. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు ఎవరి పుస్తకాలు వాళ్లు తెచ్చుకుని ఫ్యాను కింద కుర్చీ పట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. బాధల్లా పైఅంతస్తులోని స్టాక్ గదుల గురించే. బ్రిటిష్ సామ్రాజ్యవాదం మీద ఎం.ఏ. ప్రాజెక్టో, పీహెచ్‌డీయో మొదలుపెట్టిన విద్యార్థి అక్కడికి వెళ్లి, చరిత్ర బీరువాలో నాలుగు పుస్తకాలు తిరగేసి, ‘ఇక్కడ ఏమీ లేదు’ అనుకుని దిగివచ్చేస్తున్నాడు. తర్వాత ఫోన్‌లో దొరికిందే థీసిస్ అవుతోంది. నిజానికి అతనికి కావాల్సింది అక్కడే ఉంది. కాకపోతే అది చరిత్ర బీరువాలో ఉండదు.

సామ్రాజ్యం తన చరిత్ర తాను రాసుకోలేదు, లెక్కలు రాసుకుంది. శిస్తు లెక్క, కాలువ లెక్క, కరువు కూలి లెక్క, తలల లెక్క. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసినవాళ్లు ఆ లెక్కలన్నిటినీ విషయాన్ని బట్టి విడగొట్టి తలో చోట పెట్టారు. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో సామ్రాజ్యవాదం అన్న మాటకు 325.32 దగ్గర చూడాలి. భారత చరిత్రలో బ్రిటిష్ కాలం 954.03. ఈ రెండు చోట్లా ఎక్కువగా సిద్ధాంత గ్రంథాలు, స్థూల చరిత్రలు ఉంటాయి. అసలు సరుకు వేరే అరల్లో ఉంటుంది: భూమి హక్కులు 333.3, పన్నులు, శిస్తు 336.2, కరువు 363.8, సేద్యపు నీరు 631.7, నీటి కట్టడాల ఇంజినీరింగ్ 627. జనాభా లెక్కలు పాత ఎడిషన్ ప్రకారం నంబరు వేసి ఉంటే 312లోనో 315.4లోనో, కొత్త నంబరైతే 304.6లో దొరుకుతాయి. రంగనాథన్ కోలన్ పద్ధతి వాడే చోట నంబర్లకు బదులు అక్షరాలు ఉంటాయి. చరిత్రకు వి, ఆర్థికానికి ఎక్స్, వ్యవసాయానికి జె. కాలాన్ని కూడా అక్షరంతోనే చెబుతారు. పందొమ్మిదో శతాబ్దానికి గుర్తు ఎం. వీపు మీద ఎం ఉన్న పాత బైండు కనిపిస్తే తీసి చూడకుండా వదలొద్దు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కర్నూలు–కడప కాలువ, అదే మన కేసీ కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 190 మైళ్లు. దీన్ని సర్కారు తవ్వలేదు, లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. కంపెనీ పుట్టింది 1858లో. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు తీసుకున్నా మానినా వాటాదారుకు వడ్డీ ఆగదు. ఆ వడ్డీ వచ్చేది ఇక్కడి ఆదాయం నుంచి. వ్యాపారం దెబ్బతిన్నాక 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. సామ్రాజ్యవాదం అంటే ఏమిటో ఒక పేరాలో చెప్పమంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ రాయలసీమలో దొరకదు. అయినా ‘సామ్రాజ్యవాదం’ అని కంప్యూటర్‌లో కొడితే ఈ కాలువ పుస్తకం ఒక్కటీ రాదు. అవి ఇంజినీరింగ్ బీరువాలోనో, ‘ప్రభుత్వ ప్రచురణలు’ అని రాసిన గదిలోనో ఉంటాయి.

ఇక్కడొక మాట. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) ఒక్కటే చూసి కాటన్‌కు దండం పెట్టేవాళ్లున్నారు. కేసీ కాలువ ఒక్కటే చూసి తిట్టేవాళ్లూ ఉన్నారు. ఈ కాలువ పథకానికి గట్టిగా వాదించినవాళ్లలో కాటన్ కూడా ఒకరు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు వేసిన పబ్లిక్ వర్క్స్ సెలెక్ట్ కమిటీ ఆయన్ను పిలిచి ప్రశ్నించింది. ప్రశ్న, జవాబు నంబర్లతో సహా అచ్చయి ఉన్నాయి. రెండు కట్టడాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవకుండా ఏ తీర్పూ చెప్పకూడదన్నది మా అభిప్రాయం.

వెతకడంలో మొదటి చిక్కు పేర్లతో వస్తుంది. కేటలాగ్ నేటి స్పెల్లింగ్‌ను పాతదానితో కలిపి చూడదు. కడపను సి-యు-డి-డి-ఏ-పి-ఏ-హెచ్ అని, కృష్ణను కె-ఐ-ఎస్-టి-ఎన్-ఏ అని కొట్టాలి. విశాఖపట్నానికి విజగపటం, బందరుకు మసులిపటం, శ్రీకాకుళానికి చికకోల్, కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్ అనే వెతకాలి. రెండో చిక్కు గ్రంథకర్త పేరు. ఇలాంటి నివేదికలకు మనిషి పేరు ఉండదు, ప్రభుత్వమే గ్రంథకర్త. ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’, ‘ఇండియా, ఫామిన్ కమిషన్’, ‘గ్రేట్ బ్రిటన్, పార్లమెంట్’ వంటి శీర్షికల కింద చూడాలి. ‘రిపోర్ట్’ అని ఒక్క మాట కొడితే వేలల్లో వస్తాయి, ఏదీ పనికిరాదు.

కంప్యూటర్‌లో లేనంత మాత్రాన పుస్తకం లేనట్టు కాదు. చాలా లైబ్రరీల్లో కంప్యూటరీకరణ అప్పుడు వాడుకలో ఉన్న పుస్తకాలతో మొదలైంది. పాత రిపోర్టుల వంతు వచ్చేలోపు డబ్బో, మనుషులో అయిపోయారు. అందుకే పాత కార్డు కేటలాగ్ సొరుగులు ఎక్కడున్నాయో అడగాలి. అవీ తీసేసి ఉంటే అక్సెషన్ రిజిస్టరు చూపించమనాలి. లైబ్రరీ పుట్టినప్పటి నుంచి వచ్చిన ప్రతి పుస్తకం, వచ్చిన తేదీ వరసలో అందులో రాసి ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, ఉస్మానియా 1918లో పుట్టినవి. అంత పాత సంస్థల్లో తొలి దశాబ్దాల రిజిస్టరు పేజీలు తిప్పడమే సగం పరిశోధన. విరాళంగా వచ్చిన సేకరణలకు కొన్నిచోట్ల వేరే రిజిస్టరు ఉంటుంది, దాన్నీ అడగండి.

మూడో చిక్కు జిల్లాల హద్దులు. ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. కర్నూలు నవాబును దించి ఆ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ కలుపుకున్నది 1839లో, జిల్లా ఏర్పడింది 1858లో. కాబట్టి 1800లో నిజాం నుంచి కంపెనీకి వచ్చిన దత్త మండలాల కాగితాల్లో, అక్కడి కలెక్టర్ మన్రో ఉత్తరాల్లో కర్నూలు పట్టణం చుట్టుపక్కల శిస్తు వివరాలు వెతికితే దొరకవు. పత్తికొండ మాత్రం దొరుకుతుంది, అది అప్పుడు బళ్లారి వైపు ఉండేది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, అందువల్ల 1876 నాటి అనంతపురం కరువును బళ్లారి కింద చదవాలి. గుంటూరు కలెక్టరేటు 1859లో రద్దయి, 1904లో మళ్లీ జిల్లాగా వచ్చింది. మధ్య నలభై అయిదేళ్లలో చాలా భాగం కృష్ణా జిల్లా కింద ఉంటుంది. గుంటూరును ఖాళీ చేసిన 1832–33 నాటి నందన కరువు వివరం గోర్డన్ మెకెంజీ రాసిన 1883 నాటి కృష్ణా మాన్యువల్‌లో ఉండటానికి కారణం ఇదే. ఒంగోలుకు 1904కు ముందు నెల్లూరు చూడాలి. భద్రాచలం 1874లో మధ్య పరగణాల నుంచి గోదావరి జిల్లాకు వచ్చింది, అంతకు ముందుది కావాలంటే నాగపూర్ వైపు ప్రచురణలు తీయాలి.

మొదట తీయాల్సిన పుస్తకం జిల్లా మాన్యువల్, అంటే ఒక్కో జిల్లా వివరాలన్నీ అధికారులు కూర్చిన పుస్తకం. కర్నూలు మాన్యువల్ 1886లో వచ్చింది. రాసింది నరహరి గోపాలకృష్ణమ చెట్టి. ఆ వరసలో ఇంగ్లిషు అధికారుల పేర్ల మధ్య తెలుగు పేరు ఒకటి కనిపించడం విశేషమే. కడపకు గ్రిబుల్ (1875), బళ్లారికి కెల్సాల్ (1872), నెల్లూరుకు బాస్వెల్ (1873), గోదావరికి మోరిస్ (1878), విశాఖకు కార్మైకేల్ (1869). తర్వాత 1900 దాటాక వచ్చిన గెజెటీర్లు చదవడానికి హాయిగా ఉంటాయి, కానీ మాన్యువల్‌లో ఉన్న గ్రామస్థాయి వివరం చాలాచోట్ల వాటిలో కుదించుకుపోయింది. గెజెటీరుతో ఆపేస్తే పని సగమే అయినట్టు.

ఇక అంకెలు. 1876–78 ధాత కరువులో కర్నూలు జిల్లా ఎంత ఖాళీ అయిందో చూద్దాం. 1871 లెక్కల్లో జిల్లా జనాభా 9,14,432. 1881కి వచ్చేసరికి ఒక పుస్తకంలో 7,09,305 అని, మరో పుస్తకంలో 6,78,551 అని కనిపిస్తుంది. రెండూ సర్కారు లెక్కలే, రెండూ సరైనవే. తేడా 30,754. అది బనగానపల్లె సంస్థానం జనాభా. మొదటి అంకెలో సంస్థానం కలిసి ఉంది, రెండోదానిలో లేదు. పైన చెప్పిన 1871 అంకెలో సంస్థానం లేదు. అంటే 6,78,551తో పోల్చాలి, అప్పుడు తగ్గుదల 25.8 శాతం. తెలియక 7,09,305తో పోలిస్తే 22.4 శాతం వస్తుంది. ముప్ఫై వేల పైచిలుకు జనం కాగితం మీద మళ్లీ బతికివస్తారు. కాబట్టి పట్టిక నుంచి అంకె ఎత్తి రాసేముందు పట్టిక కింద సన్నటి అక్షరాల్లో ఉన్న పాదసూచిక చదవడం తప్పనిసరి. ఇంకొకటి, తగ్గిన జనమంతా చచ్చిపోయినవాళ్లు కారు. వలసపోయినవాళ్లు, పుట్టకుండా పోయిన పిల్లలు కూడా ఆ తేడాలో ఉంటారు. మరణాల లెక్క కావాలంటే శానిటరీ కమిషనర్ వార్షిక నివేదికలు పక్కన పెట్టుకోవాలి. అవి వైద్య బీరువాలో 614 దగ్గర ఉంటాయి. అవీ పూర్తి కావు, చావులు నమోదు చేయాల్సిన గ్రామోద్యోగులే కరువులో చెదిరిపోయారు.

ధరల పట్టికలు ఇంకో ఉచ్చు. మనం కిలో ఇంత రూపాయలు అంటాం. ఆ కాగితాల్లో రూపాయికి ఇన్ని సేర్లు అని రాస్తారు. రూపాయికి 30 సేర్లు వచ్చే జొన్న 10 సేర్లకు దిగిందంటే ధర తగ్గినట్టు కాదు, మూడింతలైనట్టు. ఈ పట్టికను అలాగే గ్రాఫు గీసి, కరువులో ధరలు పడిపోయాయని రాసిన ప్రాజెక్టులు ఉన్నాయి. అంకెలను తలకిందులు చేసుకున్నాకే గ్రాఫు గీయాలి.

పౌండ్లతో కూడా జాగ్రత్త. ఆ కాలపు భారత లెక్కల్లో పౌండు గుర్తు ఉన్నంత మాత్రాన అది లండన్ పౌండు కాదు. రూపాయి రెండు షిల్లింగులు అనుకుని, పది రూపాయలను ఒక పౌండుగా రాసే అలవాటు ఉండేది. 1873 తర్వాత వెండి ధర పడిపోయి రూపాయి విలువ దిగింది, పుస్తకంలో లెక్క మాత్రం చాలా ఏళ్లు పాత రేటు మీదే నడిచింది. ఉదాహరణకు లండన్‌లో నిజంగా 50,000 పౌండ్లు చెల్లించాలంటే రూపాయికి 24 పెన్నీలున్నప్పుడు 5 లక్షల రూపాయలు చాలు. రూపాయి 20 పెన్నీలకు దిగితే 6 లక్షలు కావాలి. ఆ అదనపు లక్ష వేరే పద్దులో, మారకపు నష్టం కింద ఉంటుంది. కేసీ కాలువ లాంటి గ్యారంటీల బరువు అంచనా వేసేవాళ్లు ఆ పద్దు కూడా వెతకాలి. ఒప్పందంలో మారకపు రేటు విడిగా రాసుకున్నారేమో ముందు చూసుకోవాలి.

తేదీలకు ఒక చిన్న కిటుకు. మద్రాసు వైపు రెవెన్యూ కాగితాలన్నీ ఫస్లీ అనే శిస్తు సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం. 1286 ఫస్లీ అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. అందుకే జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కించే వాణిజ్య పట్టికతో శిస్తు పట్టికను వరసకు వరస జతచేస్తే ఆరు నెలలు పక్కకు జరుగుతుంది. నిజాం రాజ్యంలో ఫస్లీ అక్టోబరులో మొదలయ్యేది, అక్కడి నెలల పేర్లు కూడా వేరు. తెలంగాణ మీద పనిచేసేవాళ్లకు ఇదొక్కటే కాదు, భాష కూడా అడ్డం వస్తుంది. ఉర్దూ చదవడం రాకపోతే ఇంగ్లిషులో వచ్చిన వార్షిక పాలనా నివేదికలతో మొదలుపెట్టి, కీలకమైన చోట ఉర్దూ తెలిసినవాళ్ల సాయం తీసుకోవడం మేలు.

మాటల విషయానికొస్తే, కర్ణం ‘కర్నమ్’ అవుతాడు, కౌలు ‘కౌల్’ అవుతుంది, ముచ్చిలిక గుర్తుపట్టలేని స్పెల్లింగ్‌లో దర్శనమిస్తుంది. విసబడి, జమాబందీ, పేష్కష్ వంటివాటికి నేటి నిఘంటువులు చాలవు. 1855లో విల్సన్ కూర్చిన రెవెన్యూ, న్యాయ పదకోశం రిఫరెన్స్ విభాగంలో ఉందేమో చూడండి. తెలుగు మాటలకు తెలుగు లిపి కూడా ఇచ్చాడాయన. దాని పక్కనే 1852 నాటి బ్రౌణ్య నిఘంటువు. ఈ రెండూ బల్ల మీద పెట్టుకోకుండా పాత శిస్తు కాగితం విప్పొద్దు.

ఒకే సంగతి మీద సర్కారులోనే ఇద్దరు కొట్టుకున్న చోటు దొరికితే వదలకండి. 1877 జనవరిలో వైస్రాయ్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌండు అంటే 454 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఒకటిన్నర పౌండయినా ఉండాలని, పప్పూ కూరా తోడుండాలని వాదించాడు. ఆ వసంతంలో మద్రాసు ప్రభుత్వం కొలతను పౌండుంపావుకు పెంచి, కాస్త పప్పు చేర్చింది. టెంపుల్ రాసిందొక్కటే చదివితే సర్కారు సరిపడా తిండి పెట్టిందనిపిస్తుంది. కార్నిష్‌ను కూడా చదివితే రాళ్లు కొట్టే మనిషి ఒంటికి ఏమైందో తెలుస్తుంది. పార్లమెంటు ముందు పెట్టిన నీలి అట్టల పుస్తకాల్లో ఉత్తరాల మధ్య వరసగా నక్షత్రపు గుర్తులు కనిపిస్తే అక్కడ ఏదో కత్తిరించారని అర్థం. ఆ ఉత్తరం తేదీ, నంబరు రాసుకుని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పూర్తి ప్రతి అడగాలి. తేదీ, శాఖ, నంబరు లేకుండా ఆర్కైవ్స్‌కు వెళ్తే రెండు రోజులు ఇండెక్సులు తిప్పడానికే సరిపోతాయి. లైబ్రరీ పని ముందు, ఆర్కైవ్స్ పని తర్వాత అనేది అందుకే.

నెట్‌లో స్కాన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాడండి కూడా. కానీ మడత విప్పకుండా స్కాన్ చేసిన మ్యాపులు, రెండు పేజీలు ఒకేసారి తిప్పేయడంతో మాయమైన పట్టికలు వాటిలో మామూలే. యంత్రం చదివిన అంకెల్లో 3కీ 8కీ తేడా ఉండదు. జనాభా పట్టిక విషయంలో ఇది చిన్న సంగతి కాదు. స్కాన్‌లో పేజీ పట్టుకుని, అంకెను అచ్చు ప్రతిలో సరిచూసుకోవడమే పద్ధతి. పేజీ నంబరుతో పాటు పేరా నంబరు కూడా రాసుకోండి. పునర్ముద్రణల్లో పేజీలు మారతాయి, సర్కారు పేరా నంబర్లు మారవు.

పుస్తకం చేతికొచ్చాక చేయాల్సినవి కొద్దే. నూటయాభై ఏళ్ల కాగితం అంచులు అప్పడంలా విరుగుతాయి. జిరాక్సు మెషీను మీద బోర్లా నొక్కితే వీపు పగులుతుంది. చాలా లైబ్రరీలు ఫోన్‌తో ఫొటోకు ఒప్పుకుంటాయి, అడిగి, ఫ్లాష్ ఆపి తీయండి. మొదటి ఫొటో పేరు పేజీది, రెండోది కాల్ నంబరుది. ఈ రెండూ తీయనివాళ్లు ఇంటికెళ్లాక మూడు వందల ఫొటోల్లో ఏది ఏ పుస్తకమో తెలియక మళ్లీ బస్సెక్కుతారు. మడత మ్యాపును మొదట వేసిన మడతల మీదే విప్పి, వాటి మీదే మూయాలి. రాసుకోవడానికి పెన్సిల్ చాలు.

చివరగా లైబ్రరీలు నడిపేవారికి మూడు విన్నపాలు. స్థలం చాలడం లేదని పాత సర్కారు నివేదికలను ‘ఎవరూ తీయడం లేదు’ అన్న కారణంతో రద్దు జాబితాలో చేర్చకండి. కేటలాగ్‌కు ఎక్కని పుస్తకాన్ని ఎవరు తీస్తారు? 1947కు ముందు ప్రభుత్వ ప్రచురణలన్నిటికీ ఒక జాబితా వేయండి: పేరు, సంవత్సరం, అర నంబరు, పుస్తకం ఉన్న స్థితి. నాలుగు గడులు చాలు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. బయటి కాలేజీల పిల్లలకు ప్రిన్సిపాల్ ఉత్తరం మీద రోజువారీ ప్రవేశం ఇవ్వండి. జాబితా వెబ్‌సైట్‌లోకి ఎక్కేదాకా, ప్రింటు తీసి కౌంటర్ పక్కన తాడుకు కట్టి వేలాడదీసినా మాకు సరిపోతుంది.

– గ్రంథాలయ, చరిత్ర విభాగాల్లో పనిచేసే కొందరు, కర్నూలు